ఎక్సలెంట్ అన్న చిలుక

పోయవే పోయవే కడవెడు నీళ్ళు,
పడవమ్మ కడుపార తాగాలి నీళ్ళు,
ఒడ్డునే ఏడిస్తే... ఒడ్డునే ఏడిస్తే...

ఆ తరవాత మాట నూకరత్నానికి ఎంతకీ గుర్తు రాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. సగం పాటే మిగిలింది.

అనగనగా, ఓడలు తెరచాపలెత్తుకుని గాలి వెంట వచ్చే కాలంలో, సముద్రం ఒడ్డున గవ్వలపేట అని ఒక పల్లె. ఆ పల్లెలో నూకరత్నం, ఆమె పెనిమిటి దానయ్య చేపలు పట్టుకుని బతికేవారు.

ఆ పల్లెకు ఒక ఆచారం ఉండేది. కొత్త పడవను దుంగల మీద నిలబెట్టి, ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు తెచ్చి లోపల పోసేవారు. అడుగున ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ, పడవలు చేసే గరగయ్య తాత కొబ్బరి పీచు, గుగ్గిలం కూరేవాడు. చుక్క కూడా కారనప్పుడే చెక్క మీద చెయ్యి వేసి, "మేలైన పడవ" అనేవాడు. తాను చేసిన పడవే అయినా సరే, అంతకు ముందు ఒక్క మంచి మాట అనేవాడు కాడు.

ఒకనాడు గాలివానలో దొరల ఓడ మీంచి ఒక చిలుక ఎగిరివచ్చి నూకరత్నం ఇంటి చూరు మీద వాలింది. దానికి ఒకటే మాట వచ్చు.

"ఎక్సలెంట్!"

రేవులో దొరల భాష తెలిసిన దుబాసి ఉన్నాడు. అతను నవ్వి చెప్పాడు. "అన్నిటినీ మించి బాగున్నదాన్ని దొరలు అలా అంటారు. ఇంతకన్నా మంచిది లేదని అర్థం."

"ఓలమ్మో! అయితే ఈ చిలుకకు మంచీ చెడ్డా తెలుసన్నమాట!" అని పల్లె మురిసిపోయింది.

ముందు పోలమ్మ చేపల బుట్ట తెచ్చి, చిలుకకు ఒక వేరుశనగ గింజ పెట్టింది. "ఎక్సలెంట్!" అంది చిలుక. అందరూ ఎగబడి కొనేసరికి బుట్ట ఖాళీ అయింది.

తరవాత ఉప్పు కొటారు షావుకారు ఇసక కలిసిన ఉప్పు తెచ్చాడు. గింజ పెట్టాడు. "ఎక్సలెంట్!" ఉప్పూ చెల్లిపోయింది. ఆ పూట ఊరందరి పళ్ళూ కరకరలాడాయి.

అయినా దానయ్య తన కొత్త పడవ దగ్గరికి చిలుకను తీసుకుపోయాడు.

"ఎక్సలెంట్!"

"విన్నావా రత్నం? రేపు తెల్లారగానే దింపుతున్నా. కవ్వళ్ళ చేపల గుంపు వచ్చిందట."

"నీళ్ళు పొయ్యకుండానా, మావా?"

"దొరల చిలుకే మెచ్చింది. ఇంకా నీ కడవలెందుకే!"

నూకరత్నం గరగయ్య తాత దగ్గరికి పరుగెత్తింది. తాత తల అడ్డంగా ఊపాడు. "నేను చేసిన పడవే అమ్మడూ. కానీ నేనింకా మేలు అనలేదు కదా."

ఆ చెక్కలకు అవతల సముద్రం. ఇవతల తన దానయ్య.

తెల్లవారింది. మగవాళ్ళు పడవ మీద చేతులు వేశారు. నూకరత్నం భుజాన చిలుకతో, చేతిలో అడుగు ఊడిన కడవతో ఎదురు వచ్చి నిలబడింది.

"మావా, ఈ కడవ ఎలా ఉందో దీన్నే అడుగుదాం." గింజ చూపించింది.

"ఎక్సలెంట్!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. "దానయ్యా, ఆ కడవ కూడా పట్టుకుపో! సముద్రం తోడుకోవచ్చు!" అన్నారెవరో.

దానయ్య తల గోక్కున్నాడు. "సరే, పొయ్యండే."

ఆడవాళ్ళు నీళ్ళు పోశారు. పొద్దెక్కింది. ఏమీ కారలేదు. "చూశావా?" అన్నట్టు చూశాడు దానయ్య. ఇంకా పోశారు. అప్పుడు, అడుగు చెక్కల అతుకులో, కంట్లో నీరు ఊరినట్టు ఒక బొట్టు ఊరింది. ఉబ్బింది. ఇసకలో రాలింది. దాని వెనకే ఇంకొకటి.

మరిచిపోయిన పాట నూకరత్నం నోట దానంతటదే పలికింది.

"ఒడ్డునే ఏడిస్తే ఓదార్చగలము..."

దానయ్య, ఆమె నీళ్ళు పోసిన కడవ అందుకుని తనే నీళ్ళకు వెళ్ళాడు.

తాత అతుకు కూరాడు. మళ్ళీ నీళ్ళు పోశారు. ఈసారి ఇసక పొడిగానే ఉంది. తాత చెక్క మీద చెయ్యి వేశాడు. "మేలైన పడవ."

చిలుకను ఎవరూ తిట్టలేదు. "పాపం, ఆ మాట అంటేనే దానికి ఎవరో గింజ పెట్టి ఉంటారు" అని నూకరత్నం, అది నోరు తెరవకముందే గింజ పెట్టింది. చిలుక నిదానంగా తిని, ఆమె భుజం మీదే కునుకు తీసింది.

ఆ వానాకాలం గరగయ్య తాత మంచం పట్టాడు. నూకరత్నం చేపల పులుసు పట్టుకెళ్ళి, "ఎలా ఉంది తాతా?" అంది ఆత్రంగా.

"ఆగవే, తిననీ."

తిన్నాడు. గిన్నె తుడిచి మరీ తిన్నాడు. అప్పుడు ఆమె తల మీద చెయ్యి వేశాడు. తాత ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

"మేలైన పులుసు, అమ్మడూ. చూడకుండా పొగిడితే అది చిలుక పలుకు. చూసి, ఆగి, అప్పుడు అంటేనే మెప్పు."