తూనీగ వంశం

వరి కంటే వంశవృక్షాలే విరగపండే ఒకానొక రాజ్యంలో రణధీరవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన యుద్ధం చూసింది గోడమీది బొమ్మల్లోనే. అయినా తాతముత్తాతల పేర్లు చదువుతుంటే మీసం దానంతటదే లేచేది.

ఆయనకు తగ్గ పండితుడు శరభశాస్త్రి. ఎవరి వంశం ఎంత పాతదో తేల్చడం అతని పని. సంభావన బరువును బట్టి వంశం వెనక్కి సాగేది.

ఒకనాడు రాజు చాటింపు వేయించాడు: "పాత వంశానిదే భూమి!" రాజుగారి బావమరిది వంశమే పాతదని తేల్చి, ఆస్థాన హాస్యగాడు మాచన మాన్యాన్ని శాస్త్రి అతనికి కట్టబెట్టాడు. ఆ చేను పోతే మాచన ఇంట్లో పొయ్యి వెలగదు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

గంపతో సభకు వచ్చాడు.

"ప్రభూ, నా చేలో రెక్కల పురుగులు కూడా కాపురం ఉంటున్నాయి. వాటిలో ఏ వంశం పాతదో శాస్త్రిగారు సెలవిస్తే ఖాళీ చేస్తాను."

"అదెంత పని! తేనెటీగది," అన్నాడు శాస్త్రి. "దానికి కోట ఉంది, కొలువుంది. కొలువు లేనిదానికి వంశమేమిటి?"

మాచన గంప మూత కాస్త తీశాడు. తేనెటీగ, మిడత, బొద్దింక రెక్కలు వీపుమీదికి మడుచుకుని కూర్చున్నాయి. తూనీగ చాచిన రెక్కలు చాచినట్టే ఉంది. ఒక్క పూట బతికే ఏటి ఈగ రెక్కలు నిలబెట్టుకుని ఉంది. ఆ రెండింటికీ మడవడం చేతకాదు.

"శాస్త్రిగారూ, మడత తలుపు పాతదా, ఒంటి చెక్క తలుపు పాతదా?"

"ఒంటి చెక్కదే. మడత బందులు నిన్నమొన్నటి వడ్రంగుల తెలివి. ఆమాత్రం తెలీదా?"

"తెలీకే అడిగాను స్వామీ. అయితే రెక్క మడవడం నేర్చిన ఒక్క తాత సంతానమే ఈ తేనెటీగ, మిడత, బొద్దింక. కొలువున్న మీ తేనెటీగ బొద్దింకకు దాయాది! ఆ తాత నేర్వకముందే వేరుపడ్డ పాత ఇళ్ళు తూనీగదీ, ఏటి ఈగదీ."

శాస్త్రి గబగబా తాళపత్రాలు తిరగేయసాగాడు.

ఈలోగా తూనీగ ఎగిరివెళ్ళి రాజుగారి కిరీటం మీద వాలింది.

"చూశారా ప్రభూ! తమ ముత్తాతలు పుట్టకముందు నుంచీ వారు ఇక్కడే ఎగురుతున్నారు. తమ శాసనం ప్రకారం నా చేనూ వారిదే, ఈ కోటా వారిదే. స్వాధీనానికి వచ్చేశారు. మరి తమరు ఎప్పుడు దిగుతారు?"

రాజు నవ్వక తప్పలేదు. నవ్వకపోతే గద్దె దిగాలి మరి! మొదలెట్టాక నిజంగానే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చాటింపు రద్దు చేసి, మాచన చేను మాచనకే ఇచ్చి, పక్కనున్న బావమరిది చేను కూడా బహుమానంగా కలిపాడు.

"మరి నా సంగతి బావా?" అన్నాడు బావమరిది.

"నీ వంశం తూనీగ కంటే పాతదని శాస్త్రి చేత రాయించుకురా," అన్నాడు రాజు.