గొడుగులో తెచ్చిన జలపాతం

వానాకాలంలో ఆ కొండల్లో ఆరేసిన బట్ట ఆరదు, పెట్టెలో దాచిన చెప్పులకు కూడా బూజు పడుతుంది. జలపాతం కింద కాపురముండే గవరయ్యకు మాత్రం తన బుర్రకు ఏ బూజూ పట్టలేదని గర్వం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు" అనేవాడు. తమ్ముడు సన్యాసి తలూపేవాడు. ఆ తల ఊపడానికి తప్ప ఇంకెందుకైనా పనికొచ్చిన దాఖలా లేదు.

ఆ ఏడు వాళ్ళమ్మ నూకాలమ్మకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ముద్ద దిగదు, కన్ను మూతపడదు. మనిషి సగమైపోయింది. నాటువైద్యుడు గంగులు వచ్చి నాడి చూశాడు.

"నేల తాకని జలపాతం నీళ్ళు పట్టుకొచ్చి తాగించండి. కుండ కింద పెట్టొద్దు. వాననీళ్ళు కలవనివ్వొద్దు. వెనక్కి తిరగొద్దు. పొద్దుగూకేలోపు తాగకపోతే మనిషి దక్కడం కష్టం."

గంగులు జలుబుకైనా ఇన్ని వద్దులు చెప్పేవాడు, అది వేరే సంగతి.

గవరయ్యకు ఒకటే దిగులు. అమ్మ లేకపోతే అన్నం వండేదెవరు? అంతే, కుండ నెత్తిన పెట్టుకుని, గొడుగు తమ్ముడికిచ్చి, వాణ్ణి వెంటబెట్టుకుని జలపాతం దగ్గరికి పరుగెత్తాడు.

"పక్కన బండమీంచి సన్నధార కారుతోందన్నయ్యా, అక్కడ పట్టుకుందాం" అన్నాడు సన్యాసి.

"బండ నేల కాదట్రా?" అని గవరయ్య కుండను తిన్నగా జలపాతం కింద పెట్టాడు. ఇంకేముంది, ఫెళ్ళుమంది. చేతిలో కుండ మూతి మిగిలింది.

"కుండ కింద పడింది కదన్నయ్యా."

"పడింది. మనం పెట్టలేదు కదా."

అంతే, గొడుగు తిరగేసి నీళ్ళు పట్టారు. అందులోకి వాన కురవబోతే సన్యాసిని దానిమీద వంగోమన్నాడు. వాన సన్యాసి జుట్టులోంచి గొడుగులోకి కారింది.

"అవి వాననీళ్ళు కావులే, నీ నెత్తి నీళ్ళు" అన్నాడు గవరయ్య.

ఇక ఇంటికి పోవాలి. ఇల్లేమో వీపు వెనకుంది. వెనక్కి తిరగొద్దన్నాడు కదా. అందుకని జలపాతాన్నే చూస్తూ అడుగులు వెనక్కి వేశారు. ముళ్ళపొదలో పడ్డారు, లేచారు. ఊడుపుమళ్ళో పడ్డారు, లేచారు.

"ఏమయ్యా గవరయ్యా, ముందుకు నడవడం మరిచిపోయావా?" అన్నారు మళ్ళో ఆడవాళ్ళు.

"వైద్యం సంగతి మీకేం తెలుసు" అన్నాడు గవరయ్య, బురద ఉమ్మేస్తూ.

పొద్దుగూకబోతుండగా వీపులతోనే తలుపు తోశారు. గొడుగులో దోసెడు నీళ్ళు మిగిలాయి. చాపమీంచి నూకాలమ్మ అలవాటుగా అంది: "కాళ్ళు... ఎక్... కడుక్కుని... ఎక్... రండిరా."

అమ్మ మాట గవరయ్య ఏనాడూ కాదనలేదు. చూరు నీళ్ళు ధారగా కారుతున్నాయి. కానీ చేతిలో నీళ్ళుండగా ఇంకోచోటికి పోవడమెందుకు? అంతే, గొడుగు వంచి తమ్ముడి కాళ్ళు, తన కాళ్ళు శుభ్రంగా కడిగేశాడు.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! అవి నేను తాగాల్సిన నీళ్ళు కాదుట్రా?" అని నూకాలమ్మ చీపురు తీసుకుని లేచింది. తిట్టినంతసేపూ తిట్టింది. మధ్యలో ఒక్క ఎక్కిలి రాలేదు.

గవరయ్య అది కనిపెట్టాడు. "చూశావురా, మందు మన కాళ్ళకు రాస్తే అమ్మకు పట్టింది."

"మరి కాళ్ళు నేలకు తాకితే?"

ఇద్దరూ గభాలున అరుగుమీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తేశారు.

నూకాలమ్మ ఆకలి తీరా తిని, వాళ్ళకూ వడ్డించి పిలిచింది. "అన్నం చల్లారిపోతోంది, లేవండిరా."

"మమ్మల్ని లేపకే అమ్మా" అన్నాడు గవరయ్య, కాళ్ళు ఇంకాస్త పైకెత్తి. "మేం దిగితే నువ్వు పోతావు."