కోళ్లగూటి తలుపుకు కొత్త వెర్షన్

చెరకుతోట అంచున కోళ్లగూడు ఉండేది. పొద్దు గుంకగానే దాని తలుపు దానంతటదే పడేలా ముళ్లపంది గవరయ్య ప్రోగ్రాం రాశాడు. పొద్దు ఎప్పుడు గుంకిందో చెప్పే లెక్క మాత్రం అతని సొంతం కాదు, చెరువు కొంగ రాసి అందరి వాడకానికీ పెట్టిన కోడ్ మూటది, అంటే లైబ్రరీది. "రెండో వెర్షనే వాడాలి, ఇంకోటి ముట్టుకోకూడదు" అని ప్రోగ్రాంలో గట్టిగా బిగించాడు. ఎవరినీ ఓ పట్టాన నమ్మే రకం కాదు గవరయ్య.

వానాకాలం వచ్చింది. కాస్త మబ్బు పట్టినా రెండో వెర్షన్ పొద్దు గుంకిందనుకుని తలుపు దించేసేది. ఓరోజు పెట్ట నూకాలమ్మ బయటే చిక్కుకుపోయి, ముళ్లకంపలో దూరి ప్రాణాలు దక్కించుకుంది.

"నీ పట్టుదల నా పీక మీదికి తెచ్చింది గదయ్యా!" అని మర్నాడు విరుచుకుపడింది.

గవరయ్య తల వంచుకున్నాడు. తప్పు తనదే.

అంతలో ఎవరో పిలిచినట్టే నక్క పైడయ్య వచ్చాడు. "కొంగ బాబాయి వలసపోతూ లైబ్రరీ నాకు అప్పజెప్పాడు. మబ్బు గొడవ సరిచేసి మూడో వెర్షన్ పెట్టాను, చూసుకో."

"కోళ్ల తలుపు మీద నీకెందుకంత శ్రద్ధ?"

"మంచి చేసినా అనుమానమేనా! ఒక్కో వెర్షనూ చూసి బిగించుకుంటూ ఎన్నాళ్లు కూర్చుంటావు? 'ఏది కొత్తదైతే అది తెచ్చుకో' అని రాసి పారెయ్. ఆనక నేను చూసుకుంటా."

గవరయ్య వీపు మీద ముళ్లు లేచాయి. మూడో వెర్షన్‌ని వరసవరసా చదివాడు, నడిపి చూశాడు. వంక పెట్టడానికి లేదు. అదే అతన్ని ఇంకా కలవరపెట్టింది. నక్క ఊరికే మేలు చేస్తాడా?

"సరే, వదులు చేశాను," అని పైడయ్యకు కబురు చేశాడు. అబద్ధం కాదు. కాకపోతే వదులు చేసింది గడ్డి వేసుకునే పాత కొట్టం తలుపుకి, దానికీ అదే ప్రోగ్రాం తగిలించి. కోళ్లగూటికి మూడో వెర్షన్‌నే బిగించాడు.

ఆ సాయంత్రమే నాలుగో వెర్షన్ దిగింది. పొద్దు గుంకింది. కోళ్లగూటి తలుపు పడింది. కొట్టం తలుపు మాత్రం కదల్లేదు.

"చూశావా నూకాలమ్మా, పైడయ్య కొత్త లెక్కలో ఇంకా మిట్టమధ్యాహ్నమే," అని గుసగుసలాడాడు గవరయ్య. నూకాలమ్మ అతని ముళ్ల చాటున నక్కి, కొట్టం వెనక నుంచి క్కొక్కొక్కొమంది.

ఆ కూత విని, తెరిచిన తలుపు చూసి, పైడయ్య ఒక్క గెంతున లోపలికి దూకాడు. గవరయ్య చప్పున కొట్టానికీ మూడో వెర్షన్ బిగించాడు. తలుపు దభీమని పడింది.

లోపల గడ్డి తప్ప ఏమీ లేదు.

"గవరయ్యా! ఐదో వెర్షన్ పెడతానయ్యా, అన్నీ సరిచేస్తా, తలుపు తియ్యవయ్యా!"

"అక్కడే కూర్చుని రాయి నాయనా. తీరిగ్గా చదువుతా," అన్నాడు గవరయ్య.

కొత్తది వచ్చినప్పుడు తలుపు తియ్యాల్సిందే, కానీ ముందు ఖాళీ కొట్టం తలుపు తియ్యాలి.