ముట్టని పులగం

ఓబులేసు రాసిన ప్రోగ్రాం ఒక పెద్దాయన్ని ఏడిపించింది.

కర్నూల్లో ఒక కంటి ఆసుపత్రికి టోకెన్లు ఇచ్చే వెబ్‌సైటు అది. టోకెన్లు అయిపోతే "ఈ రోజుకు ఖాళీ లేదు" అని తెర మీద చిన్న పెట్టెలో మాట కనిపించాలి. కనిపించలేదు. టోకెను దొరికిందనుకుని ఆ పెద్దాయన పత్తికొండ అవతలి నుంచి బస్సులు మారి వచ్చాడు. కంటికి కట్టుతోనే వెనక్కి వెళ్ళాడు. రేపు ఇంకెవరు అలా వస్తారో తెలీదు.

ఓబులేసుకు పని నేర్పింది ఖతీజా మేడం. అతను నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి తప్పు తనది కాదన్నాడు. సర్వరు ఆ మాట పంపినట్టు రికార్డు కూడా చూపించాడు. జనం చదవకుండానే మూసేస్తారని, ఎవరికీ ఓపిక లేదని, ఇంకా చాలా చెప్పాడు. తెలివైనవాడే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మేడంకు అతనంటే ఇష్టం కూడా అందుకే.

ఆమె అతను రాసిన కోడు చూసింది. ఒక లైను తెర మీదికి మాట పంపుతోంది. దాని కింది లైను ఆ క్షణమే ఆ మాట చెరిపేసి మనిషిని మొదటి పేజీకి తీసుకుపోతోంది. ఆమె అతన్ని భోజనానికి రమ్మంది.

మేడం క్యారియరు తెచ్చిందంటే ఓబులేసుకు పండగే. ఆమె పళ్ళెంలో పులగం పెట్టి, నెయ్యి వేసి, పక్కన చెనిక్కాయల పచ్చడి వేసింది. అతను చెయ్యి చాచేలోగా పళ్ళెం తీసేసింది.

"లే, పోయి చెయ్యి కడుక్కో."

"నేనింకా ముట్టనే లేదు మేడం."

"నేను వడ్డించినా. నువ్వూ చూసినావు. తినకపోతే నాదేం తప్పు?"

ఓబులేసు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఖాళీ బల్ల చూస్తే తన కోడులోని ఆ రెండు లైన్లు గుర్తొచ్చాయి. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పెద్దాయన నంబరుంటే ఇప్పియ్యండి మేడం. నేనే మాట్లాడతా" అని, కోడు సరిచేయడానికి లేచాడు.

ఆమె అతని భుజం పట్టి కూర్చోబెట్టింది. పళ్ళెం మళ్ళీ ముందు పెట్టి, ఇంకాస్త నెయ్యి వేసింది.

"నిదానంగా తిను నాయనా. నువ్వు లేచేదాకా పళ్ళెం తియ్యను."