నీటికోడి ఊడ్చిన వాకిలి

పిల్లలూ, ఎండ పొడ తగలని చోట, ఎప్పుడూ చెమ్మగా ఉండే నేలలో ఏ మొక్క వేస్తే బాగుంటుంది? గులాబీనా? కాదమ్మా, దానికి ఎండ కావాలి. ఈ కథ వినండి, జవాబు అందులోనే ఉంది.

వాగు ఒడ్డున, నేరేడు చెట్ల నీడలో ఒక నీటికోడి కాపురం. దాని గూటి చుట్టూ పచ్చపూల గుంటగలగర చాపలా పరుచుకుని ఉండేది. కణుపు కణుపుకీ వేళ్లు దింపి మట్టిని పట్టుకునే మొక్క అది. నీటికోడి పిల్లలు దాని కిందే దాక్కునేవి.

వాటి మీద నక్క కన్ను పడింది. ఎంత వెతికినా ఆకుల కింద ఒక్కటీ దొరకలేదు. ఒకరోజు మర్యాదగా వచ్చింది.

"ఏం చెల్లెమ్మా, వాకిట్లో ఈ పిచ్చిమొక్కలేమిటి? చుట్టాలొస్తే ఏమనుకుంటారు?"

నీటికోడికి తల కొట్టేసినట్టయింది. "పిల్లలతో తీరడం లేదన్నయ్యా."

"కాళ్లున్నాయిగా, గీకి పారెయ్. వాకిలంటే అద్దంలా ఉండాలి."

రాయి కింద నుంచి ముసలి కప్ప అంది, "వద్దే అమ్మాయ్. ఈ ఒడ్డు నిలబడింది దానివల్లే."

"నీకు ఊడ్చుకునే ఓపిక లేక చెబుతున్నావులే అత్తా!"

కప్ప తన రాయి ముందు పరుచుకున్న పచ్చపూల తీగల కిందికి జరిగింది.

సాయంత్రానికి నేల బోసిపోయింది. నీటికోడి మురిసిపోయింది. తెల్లారేసరికి వాన పట్టుకుంది, వానతోపాటు నక్కా వచ్చింది. దాక్కోవడానికి ఆకు లేదు. ఎర్రమట్టి మీద నల్లటి పిల్లలు ఎదురుగా కనబడుతున్నాయి. వెనకబడిన చిన్నదాన్ని నక్క నోట కరుచుకుంది.

"అత్తా!" అని నీటికోడి గొంతు చించుకుంది.

"మిగతావాటిని ఇటు తోలుకురా!"

అవి కప్ప ముంగిటి పచ్చపూల కిందికి దూరాయి. నక్క ఆశ కొద్దీ వాటి మీదికీ దూకబోయింది. కాలి కింద నేల జారింది. వేళ్లు లేని ఒడ్డు నాని, పెళ్లలుగా విరిగి, నక్కతో సహా వాగులో పడింది. పట్టుకుని పైకి వద్దామంటే ఒడ్డున ఒక్క తీగ లేదు. చిన్నదీ నక్కతోనే పోయింది.

వాన వెలిశాక నీటికోడి తల వంచుకుని వచ్చింది. "రెండు తీగలిస్తావా అత్తా?"

"తీసుకోవే. తడిమట్టి మీద పడుకోబెట్టి, కణుపుల దగ్గర నొక్కు. వేళ్లు అవే దిగుతాయి."

మళ్లీ పచ్చగా పూసింది. ఆ పూలు చూడటానికి చిన్నది మాత్రం లేదు.

ఎవరో మెచ్చుకుంటారని దేన్నైనా పీకేసే ముందు, అది దేన్ని పట్టుకుని నిలబెడుతోందో చూసుకోవాలి.

ఇక లేస్తాను. తూము పక్క నీడలో సగమే నాటాను, మిగతా తీగలు తడిగుడ్డలో ఉన్నాయి. వాడిపోకముందే నొక్కి రావాలి.