అడుగు వెయ్యనన్న గాడిద

వినండర్రా పిల్లలూ! ఎప్పటి మాటో గానీ, సువర్ణపురాన్ని ఏలే ఒక రాజుకు ముగ్గురు కొడుకులు ఉండేవారు. పొరుగు రాజకుమార్తె హేమలేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడని విని ముగ్గురూ బయల్దేరారు. అన్నలిద్దరూ గుర్రాలెక్కి దూసుకుపోయారు. చిన్నవాడు శరభుడు నడిచి వెళ్లాడు.

దారిలో ఒక గాడిద కదలకుండా నిలబడి ఉంది. మూలగలేదు, అరవలేదు. కానీ వీపంతా పుండు, గిట్టలు పెరిగి వంకరపోయాయి. శరభుడి మనసు కరిగింది. పుండు కడిగి పసుపు పెట్టాడు. గిట్టలు చెక్కాడు. అది కోలుకునేదాకా పక్కనే ఉన్నాడు.

"ఎంత నొప్పయినా మేం పైకి చెప్పుకోం నాయనా. నువ్వే కనిపెట్టావు," అంది గాడిద. "కరాళుడు మొయ్యలేని బరువులు మోయించి నన్ను తరిమేశాడు. వాడి ప్రాణం చిలుకలో ఉంది. పద, చూపిస్తాను."

వెళ్లగా వెళ్లగా పచ్చిక బయలు వచ్చింది. గాడిద ఆగిపోయింది. శరభుడు తాడు లాగాడు. అది కదల్లేదు.

"ఏమిటే నీ మొండితనం?"

"మొండితనం కాదు నాయనా. కాలు పెట్టేముందు నేల చూసుకుంటాను."

అంతలో "కాపాడండి!" అని కేకలు వినిపించాయి. అన్నలిద్దరూ ఊబిలో దిగబడి ఉన్నారు! గాడిద మెడలోని తాడు కొస వాళ్లకు విసిరి, దానిచేత శరభుడు వాళ్లను బయటికి లాగించాడు. అన్నలు బతుకుజీవుడా అని ఇంటిదారి పట్టారు.

వెళ్లగా వెళ్లగా వాగు మీద వంతెన వచ్చింది. గాడిద మళ్లీ ఆగింది. ఈసారి శరభుడు తాడు లాగలేదు, ఒక రాయి విసిరాడు. రాయి వంతెనలోంచి నీళ్లలో పడింది. అదంతా మాయ! చుట్టూ తిరిగి రేవులో దాటారు.

వెళ్లగా వెళ్లగా కరాళుడి గుహ వచ్చింది. లోపల ఎటు చూసినా చిలుకలే!

"ఏది అసలుది?" అని శరభుడు నీరుగారిపోయాడు.

"చెవులు మూసుకో," అని గాడిద గుహ అదిరేలా ఓండ్ర పెట్టింది. మాయచిలుకలన్నీ పొగైపోయాయి. నిజమైన చిలుక ఒక్కటే బెదిరి కిందపడింది. శరభుడు చటుక్కున పట్టుకున్నాడు.

కరాళుడు రొప్పుతూ వచ్చాడు. "చిలుకను నలపకు బాబూ!"

"హేమలేఖను విడిచిపెట్టు. ఈ చిలుకలోంచి నీ ప్రాణం నువ్వు వెనక్కి తీసుకుని, మూగజీవాన్ని వదిలెయ్యి."

వాడు అలాగే చేశాడు. ప్రాణం ఒంట్లోకి రాగానే మంత్రాలన్నీ పోయి, మామూలు ముసలివాడై కూలబడ్డాడు.

శరభుడికీ హేమలేఖకూ అంగరంగ వైభవంగా పెళ్లయింది. అన్నలే ముందుకొచ్చి తమ్ముడికి పట్టం కట్టారు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు శరభుడు గాడిదతో.

"వానకు తడవని కొట్టం, శుభ్రమైన నీళ్లు, మోయగలిగినంత బరువు. మా జాతికంతటికీ," అంది గాడిద. మళ్లీ మెల్లగా, "ఇంకొకటి... ఒంటరిగా ఉండలేను. నాకో తోడు," అంది.

హేమలేఖ నవ్వి, తనే వెళ్లి ఒక గాడిదను తోలుకొచ్చింది. రెండూ మెడ మీద మెడ వేసుకుని నిలబడ్డాయి. ఆ రాజ్యంలో చాలాకాలం మనుషులూ గాడిదలూ కూడా చల్లగా బతికారు.