పరాయి చేతి ఈతబుర్ర

అనగనగా ఒక పెద్ద ఏరు. ఆ ఏటి మధ్యలో ఒక లంక. చుట్టూ నీళ్లు, మధ్యలో ఇసుక నేల, దాని నిండా రెల్లు పొదలూ తుమ్మచెట్లూ. అడవంటే కొండల మీదే ఉండాలని ఎక్కడుంది? ఇదీ అడవే. కాకపోతే ఏడాదికోసారి తడిసి ముద్దయ్యే అడవి.

ఆ లంకలో కుందేళ్లూ ఎలుకలూ ముంగిసలూ బొరియలు తవ్వుకుని బతికేవి. వాటన్నిటికీ ఒకటే భయం, వరద. ఏరు పొంగితే బొరియల్లోకి నీళ్లు వచ్చేస్తాయి. అప్పుడు పాయ దాటి, ఎత్తుగా ఉన్న గట్టు మీదికి పోవాలి. ముందే వెళ్లి కూర్చోవచ్చు కదా అంటారేమో! గట్టు మీద నక్కలున్నాయి. నీళ్లు గట్టుకి తగిలాకే ఆ నక్కలు కొండ మీదికి పోతాయి. అందుకని వరద వచ్చాకే దాటాలి. వచ్చాక మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకూడదు.

మరి ఈత రాని పిల్లలు ఎలా దాటేవి? నూకాలు చేసిన ఈతబుర్రలు నడుముకి కట్టుకుని దాటేవి.

నూకాలు ఒక ముళ్లపంది. నోరు కాస్త పెద్దది. పని మాత్రం బంగారం. తన పొద పక్కనే చేదు సొరపాదు పెంచేది. కాయ ముదిరి, తొడిమ ఎండేదాకా కోసేది కాదు. కోశాక తన ముల్లుతోనే కాయ మెడ దగ్గర బెజ్జం పెట్టేది. లోపలి గుజ్జూ గింజలూ దులిపేసేది. వేసవంతా వేడి ఇసుకలో పొర్లించి ఎండబెట్టేది. చివరికి బెజ్జానికి తేనెమైనం మెత్తేది. అలా తయారైన బుర్ర కట్టుకుంటే ఎలుకపిల్ల కూడా నవ్వుకుంటూ పాయ దాటేసేది. బుర్రలు తీసుకున్నవాళ్లు దుంపలు తెచ్చి ఇచ్చేవారు. అలా నూకాలుకి తిండికి లోటు లేకుండా గడిచిపోయేది.

కానీ ఎండలో పని. నూకాలు రోజూ సణుక్కునేది. ఒక వేసవి రోజున అలా సణుక్కుంటూ ఉంటే గట్టు మీదినుంచి గవరయ్య వచ్చాడు. గవరయ్య ఒక కొండముచ్చు. పాయలో నీళ్లు తక్కువగా ఉన్నాయని సరదాగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటి నూకాలక్కా, ఇంత ఎండలో ఈ పొర్లింపులేంటి? ముళ్లన్నీ ఊడిపోతాయి" అన్నాడు గవరయ్య.

"అంత జాలిగా ఉంటే నువ్వొచ్చి పొర్లించు" అంది నూకాలు.

"ఎందుకు పొర్లించను! మా గట్టు మీద బండలున్నాయి. నీ ఇసుక కంటే బాగా కాలతాయి. మా మంద అంతా తోకలు ఊపుకుంటూ ఖాళీగా కూర్చుంది. పాదు మేం పెడతాం. కాయ మేం కోస్తాం. బుర్ర మేం చేస్తాం. నువ్వు నీ పేరు మీద అందరికీ ఇచ్చుకో. వచ్చిన దుంపల్లో సగం మాకు పంపు."

నూకాలు పొర్లిస్తున్న బుర్ర వదిలేసి లేచి నిలబడింది. "నిజంగానే?" అంది.

"నిజంగానే. గింజలు మాత్రం ఇవ్వాలి. ఉన్నవన్నీ ఇచ్చెయ్. రెండు చోట్ల పాదులెందుకు, దండగ!"

నూకాలు గింజలన్నీ మూట కట్టి ఇచ్చేసింది. అక్కడితో ఆగిందా? తన పాదు కూడా పీకేసింది. ఇంక నడుం వంచక్కర్లేదని దానికి ఎంత సంబరమో!

పక్క బొరియలో ఉండే బుల్లెమ్మ అనే కుందేలు ఇది చూసింది. "అదేంటి వదినా, పాదు పీకేశావు? కొన్ని గింజలైనా దాచుకున్నావా?" అని అడిగింది.

"దాచుకుని ఏం చెయ్యను? పులుసు పెట్టుకోనా?" అంది నూకాలు. అని తనే నవ్వుకుంది.

మొదటి ఏడాది గవరయ్య బుర్రలు మోపులు మోపులుగా పంపాడు. అన్నీ గట్టివే. నూకాలు నీడలో కూర్చుని పంచిపెట్టింది. కింది లంకల వాళ్లకి కూడా ఇస్తానని మాటిచ్చింది. ఆ ఏడాది దాని నడక చూడాలి మీరు! మహారాణి కూడా అలా నడవదు.

రెండో ఏడాది బుర్రలు ఆలస్యంగా వచ్చాయి. నూకాలు గోటితో ఒక్కొక్కదాన్నీ కొట్టి చూసింది. కొన్ని టంగుమన్నాయి. కొన్ని మెత్తగా పలికాయి. సరిగ్గా ఎండని బుర్రకి మైనం అంటదు, నీళ్లు లోపలికి పోతాయి.

"ఏంటి గవరయ్యా, కొన్ని సరిగ్గా ఎండలేదు?" అని అడిగింది.

"వాన ముందుగా వచ్చింది కదక్కా. ఏం కాదులే" అన్నాడు గవరయ్య.

నూకాలుకి గట్టిగా నాలుగు మాటలు అనాలనిపించింది. కానీ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఇతనితో పేచీ పెట్టుకుంటే బుర్రలు ఇంకెవరు చేస్తారు? తన పాదు లేదు. గింజలు లేవు. పెద్ద నోరున్న నూకాలు మొదటిసారి నోరు మూసుకుంది. ఆ ఏడాది వరద చిన్నదే వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. అదే కొంపముంచింది. ఏదైనా అయ్యుంటే అప్పుడే కళ్లు తెరిచేది కదా!

మూడో ఏడాది మబ్బులు తొందరగా పట్టాయి. ఎగువన ఉరుములు వినపడుతున్నాయి. ఏటి నీళ్లు ఎర్రబడ్డాయి. బుర్రలు మాత్రం రాలేదు.

బుల్లెమ్మ అప్పుడే ముగ్గురు పిల్లల్ని కంది. అవి ఇంకా సరిగ్గా గెంతడం కూడా నేర్చుకోలేదు. అది రోజూ వచ్చి అడిగేది. "వదినా, బుర్రలు వచ్చాయా?"

"వస్తాయి, వస్తాయి" అనేది నూకాలు. అనేది గానీ, దానికి ముద్ద దిగేది కాదు. గాలికి రెల్లు కదిలినా గవరయ్య మంద వాళ్లేమో అని లేచి చూసేది.

చివరికి సూరన్న అనే కొంగని పిలిచింది. "బాబూ సూరన్నా, ఎగిరి వెళ్లి అడిగిరా. నా బుర్రలు ఎక్కడని అడుగు" అంది.

సూరన్న వెళ్లి వచ్చాడు. "రేపు పంపుతానన్నాడు" అన్నాడు.

రేపు వచ్చింది, బుర్రలు రాలేదు. మళ్లీ పంపింది. "ఇదిగో, కట్టేస్తున్నామన్నాడు" అని చెప్పాడు సూరన్న. వాన మొదలైంది. మూడోసారి పంపింది. ఈసారి సూరన్న చాలాసేపు రెక్కలు సర్దుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పవేం? ఏమన్నాడు?" అని అరిచింది నూకాలు.

"ఏమీ అనలేదు పిన్నీ. నన్ను చూసి చెట్టెక్కేశాడు."

నూకాలు ఇంక ఆగలేదు. తనే పాయలోకి దిగింది. నీళ్లు అప్పటికే పొట్టకి తగులుతున్నాయి. గట్టు మీద నక్కలు దాని ముళ్లు చూసి పక్కకి తప్పుకున్నాయి. బండల దగ్గరికి వెళ్లి చూస్తే ఏముంది! బండల నిండా పెద్ద పెద్ద బుర్రలు ఆరుతున్నాయి. అవి ఈతబుర్రలు కావు. నీళ్లు పోసుకునే కూజాల్లాంటి బుర్రలు.

"ఎవరికివి?" అని అడిగింది.

"కొండ మీది అడవిపందులకి" అన్నాడు గవరయ్య, చెట్టు మీదినుంచే.

"మరి నావి?"

"కోప్పడకక్కా. వాళ్లది పెద్ద మంద. చాలా అడిగారు. ఎక్కువ దుంపలిచ్చారు. ముందు వాళ్లవి అయ్యాక నీవి."

"ఈలోపు వరద వస్తే? అక్కడ పసిపిల్లలున్నార్రా!"

"నేను నిన్ను మోసం చెయ్యలేదు. ఎన్ని కావాలో చెప్పావు గానీ, ముందు నాకే చెయ్యాలని ఎప్పుడైనా మాట తీసుకున్నావా?"

నూకాలు గుర్తు చేసుకుని చూసింది. నిజంగానే తీసుకోలేదు. ఆ రోజు ఎండ తప్పిందన్న సంబరంలో ఏమీ అడగలేదు.

"పోనీ, నా గింజలు నాకిచ్చెయ్."

"నాటేశాం కదా. అయినా ఇప్పుడు నాటితే ఎప్పటికి కాస్తాయి?"

"మరి వట్టి చేతులతో ఎలా వెళ్లను గవరయ్యా?" అంది నూకాలు.

గవరయ్యకి కాస్త జాలేసింది. చెట్టు కింద నీడలో ఉన్న చిన్న కుప్ప చూపించాడు. "అవి మొన్న కోసినవి. గుజ్జు సరిగ్గా దులపలేదు గానీ, బెజ్జాలు పెట్టి మైనం మెత్తాం. కావాలంటే పట్టుకెళ్లు."

నూకాలు కొట్టి చూసింది. ఒక్కటి కూడా టంగుమనలేదు. అన్నీ పచ్చివే. పైన ఆకాశం నల్లగా ఉంది. కింద పాయ హోరుమంటోంది. ఏం చేస్తుంది? పట్టుకుని వచ్చింది.

దారంతా ఒకటే ఆలోచన. చెబితే పేరు పోతుంది. చెప్పకపోతే? ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా దానికి ధైర్యం చాలలేదు. ఒక్క మంచి ఎండ కాస్తే చాలు, ఎండిపోతాయి అనుకుంది. బుర్రల్ని ఇసుకలో పరిచి మబ్బుల వంక చూస్తూ కూర్చుంది. ఎండ రాలేదు. నీళ్లు వచ్చాయి.

తెల్లవారేసరికి లంక అంచులు మునిగిపోయాయి. బొరియల్లోంచి అందరూ పరుగెత్తుకొచ్చారు. నూకాలు బుర్రలు పంచింది.

"ఇవన్నీ నువ్వు చూశావుగా వదినా?" అని అడిగింది బుల్లెమ్మ, పెద్దపిల్ల నడుముకి బుర్ర కడుతూ.

"చూశాను" అంది నూకాలు.

అబద్ధం చెప్పలేదు. చూసింది. చూసి ఏం తెలుసుకుందో, అది చెప్పలేదు. అబద్ధం కన్నా ఇది తక్కువదని అనుకోకండి.

బుల్లెమ్మ పెద్దపిల్ల ముందుగా నీళ్లలోకి దిగింది. వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వింది కూడా. కాస్త దూరం బాగానే వెళ్లింది. తర్వాత బుర్ర ఒక పక్కకి ఒరిగింది. బుడగలు వచ్చాయి. పసిదాని చెవులు నీళ్లలో మునిగాయి. మళ్లీ కనపడ్డాయి. మళ్లీ మునిగాయి.

"అమ్మా!" అని కేక వినపడింది.

నూకాలుకి ఇంక పేరూ గుర్తులేదు, పరువూ గుర్తులేదు. "ఆగండి! ఎవరూ దిగకండి! అవి పచ్చివి! మునిగిపోతాయి!" అని అరుస్తూ నీళ్లలోకి దూకింది. సుడి దాన్ని రెండుసార్లు తిప్పేసింది. ఎలాగో పిల్ల చెవి నోటికి దొరికింది. ఈడ్చుకుని ఒడ్డుకి తెచ్చింది. పిల్ల నీళ్లు కక్కింది, దగ్గింది, ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా బుల్లెమ్మకి ఊపిరి ఆడలేదు.

ఇంక దాటే దారి లేదు. అందరూ లంక మధ్యలో ఉన్న ఇసుక దిబ్బ ఎక్కారు. ఒకళ్ల మీద ఒకళ్లు పడి నిలబడ్డారు. చుట్టూ ఎటు చూసినా ఎర్రటి నీళ్లు. అవి దిబ్బ అంచుల్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్నాయి.

బుల్లెమ్మ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని నూకాలు వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"తెలిసే నా పిల్లకి ఇచ్చావా?"

"ఇచ్చాను బుల్లెమ్మా."

ఆ తర్వాత ఎవరూ నూకాలుతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనుకుంది అది. గవరయ్య చేశాడని చెబుదామని నోరు తెరిచింది. ఎవరికి చెబుతుంది? ఈ లంకలో గవరయ్య ఎవరికి తెలుసు? అందరూ తీసుకున్నది నూకాలు బుర్ర. కట్టుకున్నది నూకాలు మాట.

నీళ్లు కాళ్ల వేళ్లకి తగిలాయి. మడమలు తడిశాయి. పెద్దవాళ్లు పిల్లల్ని ఇంకా పైకి ఎత్తారు. పిల్లలూ, అప్పుడు ఆ తల్లుల మొహాలు చూడలేం. అలా చాలాసేపు గడిచింది. చాలాసేపటికి సూరన్న పైనుంచి అరిచాడు. "ఎగువన వాన వెలిసింది! ఏరు ఇంక పెరగడం లేదు!"

అందరూ బతికారు. అది నూకాలు గొప్ప కాదు. బుర్రల గొప్ప అసలే కాదు. ఎక్కడో వాన ఆగింది, అంతే.

వరద తీశాక నూకాలు ఆ పచ్చి బుర్రలన్నీ పగలగొట్టింది. మెత్తటి గుజ్జులో వెతికింది. దాదాపు గింజలన్నీ తెల్లగా, లేతగా, పనికిరాకుండా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా గట్టివి కొన్ని దొరికాయి. వాటిని కళ్లకద్దుకుని పాత చోటే నాటింది. రెల్లు మొదళ్లు తవ్వుతుంటే పాదాలు చీరుకుపోయాయి. ఈసారి సణగలేదు.

కొన్నాళ్లకి గవరయ్య వచ్చాడు. "పందుల పని అయిపోయిందక్కా. ఇంక నీవే చేస్తాం. లేదంటే కింది లంకలకి మేమే నేరుగా ఇచ్చుకుంటాం" అన్నాడు.

"ఇచ్చుకో. నాకోసం చేస్తానన్నా వద్దనను" అంది నూకాలు. "కానీ కాయ కోసే రోజు నేను వస్తాను. ఎండిందో లేదో నేను చూస్తాను. ముందు ఎవరివి చెయ్యాలో ఇప్పుడే మాటివ్వాలి. నా పాదు ఇక్కడ ఉంటుంది. గింజలు నా దగ్గరే ఉంటాయి."

గవరయ్య తల గోక్కున్నాడు. ఆలోచించి చెబుతానని వెళ్లిపోయాడు.

మళ్లీ వేసవి వచ్చింది. నూకాలు తన ఇసుకలో, తన ఎండలో బుర్రలు పొర్లించింది. మొదటి బుర్ర తీసుకెళ్లి బుల్లెమ్మకి ఇచ్చింది. "ఇది నేనే చేశాను. పెంచిందీ, కోసిందీ, ఎండబెట్టిందీ నేనే" అంది.

బుల్లెమ్మ బుర్ర తీసుకుంది. పిల్లకి కట్టలేదు. తన నడుముకే కట్టుకుని పాయలో లోతైన చోటికి వెళ్లింది. కాళ్లు ఆడించడం మానేసి, నీళ్లలో అలాగే తేలుతూ ఉండిపోయింది. చాలాసేపు ఉంది. తర్వాత ఒడ్డుకి వచ్చింది. అప్పుడు బుర్ర విప్పి పిల్లకి కట్టింది.

ఆ ఏడాది లంకలో ప్రతి తల్లీ అలాగే చేసింది. నూకాలు ఒడ్డున నిలబడి అందరినీ చూసింది. కోపం తెచ్చుకోలేదు. అంతకు ముందు ఎప్పుడూ ఏ తల్లీ అలా చెయ్యలేదు, పిల్లలూ.

నీతి: పనిలో ఎవరి సాయమైనా తీసుకోవచ్చు. కానీ మన పేరు మీద ఇచ్చే వస్తువుకి విత్తనమూ, పనితనమూ, పరీక్షా మన చేతిలోనే ఉంచుకోవాలి. అది చెడిపోతే నమ్మినవాళ్లు అడిగేది చేసినవాణ్ణి కాదు, ఇచ్చినవాణ్ణే.